బరువు ఎవరు మోశారు?

ఈ పోస్టు కొంచెం పొడుగు. పరీక్షలు ఉన్నోళ్లు దాచుకుని తర్వాత చదవండి. కానీ చదవండి. చివర్లో మీ అందరికీ ఒక పని కూడా ఉంది.

మొన్న డిసెంబర్‌లో కాలేజీ తరఫున మూడు రోజుల ట్రెక్కింగ్ క్యాంపుకి వెళ్లాం. మేమంటే మా హాస్టల్ రూములో నలుగురం. మాలో ఒకడు నల్లమల చెంచు, ఒకడు భద్రాచలం వైపు కోయ, ఒకడు పాపికొండల కొండరెడ్డి, ఒకడు సీతంపేట వైపు సవర. నలుగురి ఇళ్లలోనూ మా కంటే ముందు కాలేజీ గడప తొక్కినోళ్లు లేరు. క్యాంపులో ఒక్కొక్కరికి ఒక బ్యాగు ఇచ్చారు. టెంటు, స్లీపింగ్ బ్యాగు, గిన్నెలు, నీళ్ల సీసాలు, తిండి అన్నీ కలిపి కాటా మీద పెడితే 13 కిలోలు దాటింది.

మొదటి రోజు సాయంత్రానికే సగం మంది భుజాలు పట్టేశాయి. అప్పుడు ట్రైనర్ సార్ కూర్చోబెట్టి పాఠం చెప్పారు. ఒక వస్తువు రెండు పనులకు వచ్చేటట్టు చూసుకోవాలి. దారిలో దొరికేదాన్ని ఇంటి నుంచి మోయకూడదు. నలుగురికి ఒక గిన్నె చాలు. మిగిలిపోయిన పట్టీలు కోసెయ్యాలి. ఇది విదేశాల్లో కనిపెట్టిన కొత్త పద్ధతి, వేటగాళ్లూ కొండలెక్కేవాళ్లూ ఇప్పుడు దీన్నే పాటిస్తున్నారు అన్నారు. సార్ మంచాయన, చెప్పింది కూడా నిజమే. కానీ మేం నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా చెంచు తమ్ముడు మెల్లగా, "ఇది మా అవ్వ రోజూ చెప్పేదే కదరా" అన్నాడు. మిగతా ముగ్గురం నవ్వాం గానీ ఆ మాట మమ్మల్ని వదల్లేదు.

కొత్త పద్ధతి అనే మాట దగ్గరే ఆగిపోయాం. తిరిగొచ్చాక లైబ్రరీలో దొరికింది చదివాం. సంక్రాంతికి ఊళ్లకి పోయినప్పుడు పెద్దోళ్లని అడిగాం. ఈ పోస్టు అందులోంచి వచ్చిందే.

ముందు చాలా వెనక్కి పోదాం.

1863 మే 30న రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్తకి మద్రాసు దగ్గర పల్లావరంలో ఒక రాతి పనిముట్టు దొరికింది. మన దేశంలో పాతరాతియుగం ఉందని చెప్పడానికి అక్కడే మొదలు. అలాంటి చేతిగొడ్డళ్లు మ్యూజియంలో మనం చూసినవే. అరచేతికి నిండుగా ఉంటాయి, అర కిలో బరువున్నవి మామూలే, ఇంకా పెద్దవీ ఉన్నాయి. నరకడానికీ, కోయడానికీ, ఎముక పగలగొట్టడానికీ అదే రాయి. మొండిబారితే ఇంకో అర కిలో రాయి కావాలి.

ఇప్పుడు కర్నూలు వైపు రండి. బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో ఒక రాతి చాటు ఉంది. అక్కడి తవ్వకాల్లో సుమారు 35 వేల ఏళ్ల నాటి నుంచీ సూక్ష్మ రాతి పరికరాలు వరసగా దొరికాయి. గోరంత, వేలి కణుపంత చిన్న రాతి పలుకులు. ఒక్కోటి కొన్ని గ్రాములే. అలాంటి పలుకుల్ని కర్రకో ఎముకకో గాడి చేసి, బంకతో వరసగా అతికిస్తే కత్తి అవుతుంది, ఈటె మొన అవుతుంది. ఒక పలుకు ఊడిపోతే దాని చోట ఇంకోటి అతికిస్తే సరి, మొత్తం పనిముట్టు పారేయనక్కర్లేదు. ఒక పెద్ద రాయి మోసే బదులు గుప్పెడు పలుకులు వెంట ఉంటే నెలల పని సాగుతుంది.

అంటే వేట సామాను బరువు తగ్గించుకోవడం మన దక్కన్‌లో పదుల వేల ఏళ్ల కిందటి ఆలోచన. ఆ పలుకులు చేసినోళ్లు మనలో ఏ తెగకి తాతలు అని మేం చెప్పం. అలాంటి గొప్పలకి పోతే చరిత్ర పక్కకి పోతుంది. మనిషి నడిచి బతికిన ప్రతి చోటా బరువు గురించి ఆలోచించాడు, అంతే మేం చెప్పేది.

దీనికి మంచి సాక్ష్యం మంచులో దొరికింది. 1991 సెప్టెంబర్‌లో ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దు కొండల్లో, 3,200 మీటర్ల ఎత్తున, ఇద్దరు పర్యాటకులకి మంచులో ఒక మనిషి శవం కనిపించింది. పరీక్షలు చేస్తే ఆయన సుమారు 5,300 ఏళ్ల కిందటి వాడని తేలింది. ఓట్జీ అని పేరు పెట్టారు. ఆయన సామాను కూడా ఆయనతోనే మంచులో మిగిలిపోయింది. అందుకే అది మాకు పుస్తకం లాంటిది.

ఓట్జీ అమ్ములపొదిలో 14 బాణాలు ఉన్నాయి. అందులో తయారైనవి రెండే. మిగతా 12 ఇంకా పూర్తి కాని పుల్లలు. విల్లు 1.82 మీటర్ల పొడవు, అది కూడా సగంలోనే ఉంది, చెక్కుతూ నడుస్తున్నాడు. రాతి కత్తికి పదును పెట్టుకోవడానికి కొయ్యలో కొమ్ము ముక్క దిగగొట్టిన చిన్న పనిముట్టు ఒకటి. భూర్జ చెట్టు బెరడుతో చేసిన రెండు డబ్బాలు. వాటిలో ఒకదాంట్లో పచ్చి ఆకుల్లో చుట్టిన నిప్పు బొగ్గులు పెట్టుకునేవాడు. వీపు మీద మోసుకునే సంచికి వంచిన కర్ర చట్రం. లోహం అంటే ఒక్క రాగి గొడ్డలి.

చూడండి, మట్టి కుండ లేదు. నిప్పు పెట్టుకోవడానికి కూడా చెట్టు బెరడే. తయారైన సామాను తక్కువ, తయారు చేసుకునే సత్తా ఎక్కువ. మా సవర తమ్ముడు ఇది చదివి, "మా తాత కూడా అడవిలోకి పోతే కత్తి ఒక్కటే పట్టుకెళ్తాడు, మిగతావి కత్తితో పుట్టిస్తాడు" అన్నాడు.

ఇప్పుడు మన ఇళ్లకి వద్దాం.

1939లో క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పరిశోధకుడు మన దేశం వచ్చాడు. అదే ఏడాది రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆయన దగ్గర ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. అందుకని హైదరాబాద్ రాజ్యం దాటి పోకుండా ఉండాల్సి వచ్చింది. నిజాం ప్రభుత్వం ఆయన్ని అడవి ప్రాంతాల్లో పని చేసుకోనిచ్చింది. అలా అమ్రాబాద్ కొండల మీద చెంచుల మధ్య ఉండి రాసిన పుస్తకం 1943లో వచ్చింది. తర్వాత 1945లో కొండరెడ్ల మీద పుస్తకం.

చెంచుల దగ్గర ఆయన చూసిన సామాను చాలా కొద్ది. ఇనప మొన వేసిన తవ్వుడు కర్ర, విల్లు బాణాలు, కత్తి, గొడ్డలి, వెదురు బుట్టలు. ఇంకో సంగతి కూడా ఆ పుస్తకం చెబుతుంది. బయటోళ్లు చెంచు అనగానే విల్లు బాణం బొమ్మ వేస్తారు గానీ, రోజూ కడుపు నింపింది వేట కాదు. తవ్వుడు కర్రతో తీసిన గడ్డలూ, ఏరుకున్న పండ్లూ. మాంసం ఎప్పుడో ఒకప్పుడు.

సంక్రాంతి సెలవుల్లో మాలో ఒకరి గూడేనికి మిగతా ముగ్గురం కూడా పోయాం. చూరులో ఉన్న తాత సామాను దించి, కిరాణా కొట్టు నుంచి అడిగి తెచ్చిన కాటాకి తగిలించాం. వెదురు విల్లు అర కిలో కూడా లేదు. బాణాలు ఎనిమిది కలిపి పావుకిలో చిల్లర. కత్తి, తవ్వుడు కర్ర, నార తాడు చుట్ట, ఎండిన సొరబుర్ర, చెకుముకి పెట్టుకునే చిన్న సంచి. అన్నీ కలిపితే మూడున్నర కిలోలు. క్యాంపులో మేం మోసింది 13 కిలోలు.

సొరబుర్ర చేతిలోకి తీసుకుంటే ఖాళీ చెయ్యిలాగే ఉంది. మేం క్యాంపులో మోసిన స్టీలు సీసా ఒక్కటే దానికి రెండు మూడింతలు.

తాతని అడిగాం, బరువు తగ్గించాలని ఇలా చేశారా అని. ఆయనకి ప్రశ్నే అర్థం కాలేదు. "తగ్గించేదేంది? అక్కర లేనిది యాడ మోస్తాం" అన్నాడు. తర్వాత ఒక్కోటి చూపిస్తూ చెప్పాడు. అడవిలో దొరకనిది ఇనుము, అందుకని ఇనుము మాత్రమే ఇంటి నుంచి పట్టుకుపోవాలి. తవ్వుడు కర్రకి మొన వరకే ఇనుము, మిగతాది కర్ర. కర్ర విరిగితే ఇంకోటి నరుక్కోవచ్చు. బాణానికి ములికి ఒక్కటే ఇనుము. పుల్ల పోతే పోయింది, ములికి మాత్రం వెతికి తెచ్చుకోవాలి, ఎందుకంటే అది సంతలో అడవి సరుకు ఇచ్చి కమ్మరి దగ్గర తెచ్చుకున్నది. విస్తరాకు మోయక్కర్లేదు, మోదుగ ఆకు ఉంది. నీళ్లు బుర్ర నిండా పోసుకుని పోవక్కర్లేదు, చెలమ ఎక్కడుందో తెలుసు. టెంటు లేదు, బండ చాటు ఉంది.

ఆయన ఈ మాటలు చెప్తుంటే మాకు ట్రైనర్ సార్ బోర్డు మీద రాసిన పాయింట్లే గుర్తొచ్చాయి. కాకపోతే సార్ చెప్పనిది ఒకటి ఉంది. తాత సామాను తేలిగ్గా ఉండటానికి కారణం సామాను కాదు, ఆయనకి అడవి తెలియడం. చెలమ ఎక్కడుందో తెలియనివాడు సీసా మోయాల్సిందే. మనం ఆ అడవి నుంచి ఎంత దూరం జరిగితే మన బ్యాగు అంత బరువెక్కుతుంది.

మా కొండరెడ్డి తమ్ముడు ఇంకోటి కలిపాడు. వాళ్ల వైపు వెదురు బొంగే గిన్నె. పచ్చి బొంగులో వండుకుని, తిని, బొంగు అక్కడే పారేసి వస్తారు. మోసుకెళ్లేది లేదు, తోముకునేది లేదు. ఇవాళ మారేడుమిల్లి రోడ్డు మీద అదే బొంగు చికెన్ కోసం కార్లు ఆగుతున్నాయి. మా కోయ తమ్ముడు కావిడి గురించి చెప్పాడు. కావిడి బద్ద వెదురుది ఎందుకంటే అది అడుగుకి తగ్గట్టు ఊగుతుంది. ఊగే బద్ద కింద భుజానికి ఒక్కసారిగా దెబ్బ తగలదు. బిర్రుగా ఉండే కర్ర మీద అదే బరువు మోస్తే భుజం వాస్తుంది. కాబట్టి కిలోలు తగ్గకపోయినా భారం తగ్గుతుంది.

ఇంతవరకు రాసి ఆపేస్తే ఇది గొప్పలు చెప్పుకునే పోస్టు అయ్యేది. మేం కూడా అక్కడే ఆపుదాం అనుకున్నాం. కానీ ఆ పూట అవ్వ పక్కనే కూర్చుని అడ్డాకులు కుడుతూ అంతా విన్నది. విని, "మీ తాత విల్లు తేలికే నాయనా. ఇంటికొచ్చే బుట్ట నా నెత్తిన ఉండె, బిడ్డ నా నడుమున ఉండె. దాన్ని కాటాకి తగిలించినారా?" అన్నది.

మేం నలుగురం నోరు మూసుకున్నాం. గడ్డల బుట్ట, కట్టెల మోపు, నీళ్ల బిందె, చంటిబిడ్డ, ఇవేవీ మా లెక్కలో లేవు. తాత చెయ్యి తేలిగ్గా ఉండటానికి తెలివి ఒక కారణం. అవ్వ నెత్తి ఇంకో కారణం. అప్పుడు మాకు అర్థమైంది, బరువు తగ్గించుకోవడానికి లోకంలో రెండే దారులు. ఒకటి వస్తువుని తేలిక చెయ్యడం. రెండోది ఇంకొకరి మీద పెట్టడం. చరిత్ర పుస్తకం చదివేటప్పుడు ఏ దారి అని అడగాలి.

ఈ ప్రశ్న పట్టుకుని చూస్తే చాలా కనిపిస్తాయి. దొరలు, జమీందార్లు, నవాబులు వేటకి వచ్చిన ఫోటోలు మీరు చూసే ఉంటారు. చచ్చిన పులి మీద కాలు పెట్టి ఒకాయన నిలబడి ఉంటాడు. చేతిలో తుపాకీ ఒక్కటే. గుడారాలు, మంచాలు, పెట్టెలు, తూటాలు, వంట సామాను ఫోటోలో ఉండవు. అవి కొండ ఎక్కింది ఎవరి నెత్తి మీద? జంతువుని తోలడానికి అడవిలో డప్పులు కొట్టుకుంటూ నడిచింది ఎవరు? నిజాం రాజ్యంలో వెట్టి అంటే ఊరికి వచ్చిన అధికారి సామాను కూలి లేకుండా మోయడం కూడా. ఇటు మన్యంలో కూడా అదే బాధ. అధికారి కొండెక్కితే ఆయన మూటలు మన వాళ్ల భుజాల మీదికి ఎక్కేవి.

1922లో మన్యం ఎందుకు మండిందో పరీక్షకి చదివాం. పోడు మీద అడవి చట్టాల ఆంక్షలు ఒక కారణం. గూడెం వైపు రోడ్డు పనుల్లో సరిగ్గా కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించడం ఇంకో కారణం. ఆ ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర దళం దాడి చేసింది. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, మధ్యలో కొండలూ అడవీ, వానాకాలం. మ్యాపు తీసి చూడండి. పెట్టెలూ గుడారాలూ వెంట ఉంటే అలా కదలడం కుదరదు. ఏళ్ల తరబడి అధికారుల మూటలు మోసిన ప్రాంతం అది. అక్కడివాళ్లు తమ కోసం తాము నడిచినప్పుడు అలా నడిచారు.

చివరిగా, ట్రైనర్ సార్ చెప్పిన ఆ విదేశీ పద్ధతి సంగతి. అది ఎక్కడ పుట్టిందో వెతికాం.

అమెరికాలో జార్జ్ వాషింగ్టన్ సియర్స్ అనే ఆయన ఉండేవాడు. 1821లో పుట్టాడు. చెప్పులు కుట్టి బతికిన పేదవాడు. పొట్టి మనిషి, బరువు 50 కిలోల లోపు, ఊపిరితిత్తుల జబ్బు. ఆ రోజుల్లో అడిరాండాక్ అడవులకి డబ్బున్న పట్నం వాళ్లు వేటకి, చేపలకి పోయేవాళ్లు. బరువైన పడవలు మోయడానికి, నడపడానికి స్థానిక గైడ్లని కూలికి పెట్టుకునేవాళ్లు. సియర్స్‌కి గైడ్‌ని పెట్టుకునే స్తోమత లేదు, బరువు మోసే ఒళ్లు లేదు. కాబట్టి రెండో దారి ఆయనకి మూసుకుపోయింది. మొదటి దారి పట్టాడు. రష్టన్ అనే పడవల మేస్త్రి చేత 2.7 మీటర్ల పడవ చేయించుకున్నాడు. దాని బరువు ఐదు కిలోలు కూడా లేదు. 1883లో ఆ పడవలో ఒంటరిగా 400 కిలోమీటర్లకు పైగా తిరిగాడు. చిన్న గొడ్డలి, కత్తి, కొద్దిపాటి గిన్నెలు, అన్నిటినీ తన ఒంటికి తగ్గట్టు చిన్నవి చేసుకున్నాడు. 1884లో ఆ అనుభవాలతో పుస్తకం రాశాడు. తేలిక సామానుతో అడవికి పోవడం అనే పద్ధతికి అక్కడివాళ్లు ఇప్పటికీ ఆయన్ని పెద్దదిక్కుగా చెప్పుకుంటారు.

ఆయన రాతలన్నీ నెస్‌మక్ అనే కలం పేరుతో వచ్చాయి. ఆ పేరు ఆయనది కాదు. చిన్నప్పుడు ఆయనకి వేట, చేపలు పట్టడం, అడవిలో ఉండటం నేర్పిన ఒక యువకుడిది. ఆ యువకుడు నారగాన్సెట్ తెగవాడు. అంటే ఆ నేల ఆదివాసి.

ఇది చదివినప్పుడు రూములో కాసేపు ఎవరం మాట్లాడలేదు. సియర్స్‌ని తప్పు పట్టడం లేదు. ఆయన గురువు పేరునే పెట్టుకున్నాడు, దాచలేదు. కానీ ఆ నేర్పిన మనిషి సొంతంగా ఏం చెప్పేవాడో, ఏం రాసేవాడో పుస్తకంలో లేదు. పేరు మిగిలింది, పుస్తకం వేరే వాళ్లది. ఆ విద్య చుట్టూ తిరిగి ఇప్పుడు మన కాలేజీ క్యాంపుకి కొత్త పద్ధతిగా వచ్చింది. దాన్ని మనం నోట్సు రాసుకున్నాం.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. వేటకి పోదాం అని ఈ పోస్టు చెప్పడం లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం. 2006 అటవీ హక్కుల చట్టం మనకి భూమి మీద, తేనె, వెదురు లాంటి చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు ఇచ్చింది గానీ, వేట, ఉచ్చులు పెట్టడం మాత్రం ఆ హక్కుల్లోంచి తీసేసింది. ఇది తెలియక మన ఊళ్లలో కుర్రాళ్లు కేసుల్లో ఇరుక్కుంటే చదువు పోతుంది. తమ్ముళ్లకి చెప్పండి. చూరులో ఉన్న విల్లు చూరులోనే ఉండనీ.

కానీ ఆ విల్లులో ఉన్న తెలివి వేటతో పాటు పోనక్కర్లేదు. తేనెకి పోయేవాళ్లు ఇవాళ కూడా తాడు, బుట్ట, కత్తి మోసుకుని కొండ అంచుకి దిగుతున్నారు. గడ్డలకీ, బంకకీ, ఉసిరికీ అవ్వలూ అక్కలూ పోతూనే ఉన్నారు. వాళ్ల బుట్ట తేలిక కావాలి, వాళ్ల మెడ నొప్పి తగ్గాలి. మనలో ఇంజినీరింగ్ చదివేవాళ్లు ఉన్నారు, ఫిజిక్స్ చదివేవాళ్లు ఉన్నారు. తాత విల్లు గురించి గర్వపడటం సులువు. అవ్వ బుట్ట బరువు తగ్గించడం మన పని.

ఇక మీకు ఇచ్చే పని. ఈ వేసవి సెలవులకి ఇంటికి పోయినప్పుడు, ఇంట్లో అడవికి తీసుకుపోయే ప్రతి వస్తువునీ కాటాకి తగిలించండి. పేరు మీ ఇంటి మాటలోనే రాయండి. ఏ చెట్టు కర్ర, ఎవరు చేశారు, విరిగితే ఏం చేస్తారు, ఎన్ని పనులకి వాడతారు అనేవి రాయండి. ఫోటో తీయండి, కానీ తేనె తుట్టెలు, చెలమలు ఎక్కడున్నాయో మాత్రం బయట పెట్టకండి, అది ఊరి సొత్తు. ఇంకో గడి తప్పకుండా గీయండి, దాన్ని మోసింది ఎవరు అని. తెచ్చినవి ఇక్కడ పెడితే అన్నీ కలిపి ఒక పుస్తకంలా కడదాం. మన పేర్లతో, మన పెద్దోళ్ల పేర్లతో.

మేం మొదలుపెట్టాం. మా మొదటి పేజీలో తాత సామాను మూడున్నర కిలోలు అని ఉంది. రెండో రోజు అవ్వ గడ్డలకి పోయి తిరిగొస్తే బుట్ట దించనివ్వకుండా ఆపి, ముందు కాటా పట్టుకొచ్చాం. 17 కిలోలు. ఆమె వయసు డెబ్బై దాటింది. ఆ సంఖ్య రాస్తుంటే, "ఇప్పుడు రాసినారా? ఇంక దించండి" అన్నది. నలుగురం కలిసి దించాం.

జోహార్.